యాది గోలీలు

"మనోరమా, నేను యాది గోలీలు ఏసుకున్ననా?"

కుక్కర్ కూత పెడుతుండగా రోజూ హాల్లోంచి వచ్చే ప్రశ్న ఇది. మతిమరుపు రాకుండా మింగే మాత్రల్ని మింగాడో లేదో మా ఆయనకు గుర్తుండదు. అది గుర్తుపెట్టుకోవడం నా పని.

అశోక్‌నగర్‌లో పొద్దున నడకకు ఆయనకు తోడొచ్చే కుమారస్వామిగారు ఒకరోజు ఇంటి దారి మర్చిపోయి చిక్కడపల్లి సందులో నిలబడిపోయారు. అప్పటినుంచి మా ఇంట్లో సీసాలే సీసాలు. చేప నూనె, బ్రాహ్మి, పసుపు మాత్రలు, నోరు తిరగని పేరున్న ఏదో ఆకు. ఫోన్‌లో ఎవరు ఏది పంపితే అది. రాంనగర్ చేపల మార్కెట్ దగ్గర ముక్కుకు కర్చీఫ్ అడ్డుపెట్టుకునే మనిషి, చేప నూనె మాత్రను మాత్రం కళ్ళు మూసుకుని మింగేస్తాడు. ఏది పరగడుపున, ఏది తిన్నాక, ఏది బీపీ మాత్రతో కలపకూడదు, అంతా నా నెత్తి మీదే. ఒక్క పూట తప్పిందంటే, "ఇంట్ల ఉండి ఏం జేస్తున్నవ్? గింత యాది పెట్టుకోరాదా?" అంటాడు. ఈ ఇంట్లో మర్చిపోయే హక్కు కూడా ఆయనదే.

నిజం చెప్పాలంటే నాకూ భయం పట్టుకుంది. మొన్న స్కూటర్ మీద నారాయణగూడ వెళ్ళి, దాన్నక్కడే వదిలేసి ఆటోలో తిరిగొచ్చాడు. అందుకే, "అన్నిట్లకెల్లి పవర్‌ఫుల్ గోలి ఏదో డాక్టర్‌నే అడుగుదాం పా" అనగానే మారుమాట లేకుండా బయల్దేరాను.

డాక్టర్ ఉదయశ్రీకి మా అమ్మాయి త్రివేణి వయసుంటుంది. సంచిలోని సీసాలన్నీ చూసి పక్కకు నెట్టింది.

"వీటితో మతిమరుపు ఆగుతుందనడానికి గట్టి ఆధారాల్లేవు సార్. రక్తంలో బి12 తక్కువుంటే అది ఇస్తాం. బీపీ, షుగర్ అదుపులో ఉండాలి. నడవాలి, నలుగురితో మాట్లాడాలి. చెవులు కూడా పరీక్ష చేయిద్దాం. వినికిడి తగ్గినా ఈ ముప్పు పెరుగుతుంది."

"ఆఁ?" అన్నాడాయన నా వైపు తిరిగి. మళ్ళీ చెప్పాను.

"చెవి మిషనా? నాకెందుకు మేడం? ఈమె ఉన్నది గద చెప్పనీకి!"

"పొద్దున ఏం తిన్నారు సార్?"

ఆయన నా వైపు చూశాడు. "ఉప్మా" అన్నాను.

"మీ బీపీ మాత్ర పేరు?"

మళ్ళీ నా వైపే. చెప్పాను. మా అమ్మాయి ఉండేది విద్యానగర్‌లో అనీ నేనే చెప్పాను. డాక్టర్ పెన్ను కింద పెట్టింది.

"మీరే చెప్పేస్తే ఈయనకు జబ్బుందో లేదో నాకెలా తెలుస్తుందమ్మా? అసలు ఎప్పటినుంచి మర్చిపోతున్నారు?"

ఏం చెప్పను? ఆఫీసులో ఏ ఫైలు ఏ అల్మారాలో ఉందో నిద్రలో లేపినా చెప్తాడని మా ఆయన ఇంద్రసేనకు పేరు. ఇంటికొస్తే కన్నకూతురు ఏ క్లాసులో ఉందో నన్నడిగేవాడు. వాళ్ళమ్మ తద్దినం ఎప్పుడో నేనే గుర్తుచేయాలి, చెల్లెలి పెళ్ళిరోజుకు ఫోన్ కలిపి నేనే చేతికివ్వాలి. "నా కొడుక్కు ఇంటి సంగతులేం తెల్వయ్" అని మా అత్త బతికున్నన్నాళ్ళూ వచ్చినవాళ్ళందరికీ మురిసిపోతూ చెప్పేది. అలాంటి మనిషికి మతిమరుపు వస్తే ఎక్కడ కనపడుతుంది? అడగడం ఆలస్యం నేను అందిస్తూనే ఉన్నానాయె! నాకు ఒళ్ళు మండింది. అంతలోనే ఇంకో సంగతి తట్టింది. నిజంగానే జబ్బు మొదలైతే, అది నా నోటి చాటునే దాక్కుని ముదురుతుంది. ఇక నోరు విప్పకూడదనుకున్నాను.

డాక్టర్ ఆయన వైపు తిరిగి అడిగింది.

"మీ మేడమ్ రోజూ ఏం మందులు వేసుకుంటారు సార్?"

ఆయన అలవాటుగా నా వైపు తిరిగాడు. నేను గోడ మీది క్యాలెండర్ చూస్తూ కూర్చున్నాను. జవాబు నాలుక చివరనే ఉంది. పళ్ళ బిగువున ఆపుకున్నాను.

"ఈమెకేం మందులు మేడం?" నవ్వాడాయన. "ఈమెకు ఏ రోగం లేదు. మంచిగనే ఉన్నది."

త్రివేణి పుట్టినప్పటినుంచి థైరాయిడ్ మాత్ర వేసుకుంటున్నాను. ఆ తర్వాత బీపీది కూడా తోడైంది. ఆయన కళ్ళెదుటే వేసుకుంటాను.

నా ముఖం చూడగానే డాక్టర్‌కు అర్థమైంది. పెన్ను తీసి కాగితం మీద ఏదో రాయబోయింది.

"అది రాయకుండ్రి డాక్టరమ్మా" అన్నాను. "అది మర్చిపోవుడు కాదు. ఆయనకు ఎన్నడూ తెల్వదు."