వంక పెట్టని మనిషికి ఓట్స్ బిస్కెట్లు

నేను ఒక ఓవెన్‌ని. మైక్రోవేవ్‌ని కాదు. ఆ రెండింటికీ తేడా తెలియనివాళ్లు ఇక్కడితో చదవడం ఆపేసినా నాకేం బాధ లేదు. అన్నం వేడిచేసి, పాలు కాచి చేతులు దులుపుకునే జాతి అది. నాలో పైన రెండు కడ్డీలు, కింద రెండు కడ్డీలు ఎర్రగా కాలతాయి. మధ్యలో పెట్టిన పిండి ఒళ్లంతా సమంగా వేగుతుంది. నూనె అక్కర్లేదు, గరిటె అక్కర్లేదు, పక్కన నిలబడి కబుర్లు చెప్పే మనిషి అసలే అక్కర్లేదు.

నేను పుట్టింది ఉత్తరాదిలో ఒక ఫ్యాక్టరీలో. నా సెగ సరిగ్గా ఉందో లేదో చూడాల్సిన మనిషి ఒకసారి నా నాబ్ తిప్పి, కడ్డీ ఎర్రబడగానే చీటీ అంటించి టీకి వెళ్లిపోయాడు. మనుషుల మీద నా అభిప్రాయం ఆ రోజే ఏర్పడింది. మార్చుకోవాల్సిన అవసరం పెద్దగా రాలేదు.

మొదట నన్ను కొన్నది హిమబిందు అనే బ్యాంకు ఉద్యోగిని. కాకినాడలో ఒక అపార్టుమెంటులో ఉండేది. పండగ ఆఫర్లో నన్ను తెప్పించుకుని, అట్టపెట్టె విప్పుతూ వీడియో తీసుకుంది. మరునాడు కేకు చేసింది. పొంగిందో లేదో చూడాలని మాటిమాటికీ నా తలుపు తీసింది. ఉన్న సెగంతా ఆ అమ్మాయి మొహానికి కొట్టింది గానీ కేకుకు తగల్లేదు. అది కాస్తా మధ్యలో కుంగిపోతే, "ఓవెన్ మంచిది కాదనుకుంటా" అని వాళ్లమ్మకు ఫోన్లో చెప్పింది. ఆ తర్వాత నేను అప్పడాల కట్టలకూ, మడతపెట్టిన ప్లాస్టిక్ కవర్లకూ అల్మారానయ్యాను. రెండువందల యాభై డిగ్రీల దాకా కాగే సత్తా ఉండి కవర్లు మోయడం ఎలా ఉంటుందో మీకు చెప్పినా అర్థం కాదు.

హిమబిందుకు విశాఖపట్నం బదిలీ అయింది. సామాను సర్దుతుంటే ఎదురింటి త్రిపురసుందరి వచ్చి నా నెత్తి మీద చెయ్యేసింది.

"నూనె లేకుండా కరకరలాడేది ఏదైనా అవుద్దా అమ్మా ఇందులో?"

"ఓట్స్ బిస్కెట్లు చేసుకోండి ఆంటీ. అంకుల్‌కి కూడా మంచిది. ఇది మీరే ఉంచేసుకోండి, నేనెలాగూ వాడట్లేదు."

ఆ ముక్క ఒప్పుకున్నందుకు హిమబిందు మీద నాకు కాస్త గౌరవం కలిగింది. త్రిపురసుందరి మాత్రం వెళ్లలేదు. అప్పడాల కట్టలు బయటికి తీసి పెడుతూ అసలు సంగతి చెప్పింది. ఆవిడ భర్త పేర్రాజు టెలిఫోన్ ఆఫీసులో పనిచేసి రిటైరయ్యాడు. నాలుగు నెలల కిందట గుండెకు ఆపరేషన్ జరిగింది.

"పెళ్లైన కాడ్నుంచీ వంకలేనమ్మా. జంతికలు మెత్తబడ్డాయనేవారు, చేగోడీలు గట్టిపడ్డాయనేవారు. పకోడీ నోట్లో వేసుకుని కళ్లు మూసుకుని వినేవారు, కరకర వినపడకపోతే పళ్లెం పక్కకి నెట్టేసేవారు. ఎన్నిసార్లు ఏడిచానో. ఆపరేషన్ అయ్యాక నూనె సరుకు మానెయ్యమన్నారు కదా, అప్పట్నించీ ఏం పెట్టినా బాగుందంటన్నారు. ఉప్పు లేకపోయినా బాగుందే, ఉప్పెక్కువైనా బాగుందే. పేపరు తిరగెయ్యరు, టీవీ పెట్టమనరు. గుండె బాగానే ఉందంటన్నారు డాక్టరుగారు. మనిషే అందులో లేరమ్మా. నాకు భయమేస్తంది."

మొగుడు వంకలు పెట్టడం మానేస్తే మిగతా ఆడవాళ్లు దేవుడికి కొబ్బరికాయ కొడతారు. ఈవిడ బెంగపెట్టుకుంది. ఒక్క వంక పెట్టించుకోవడం కోసం నన్ను చంకనెత్తుకుని తీసుకెళ్లింది. నేను ఇంతకంటే తెలివితక్కువ పని మీద ఏ ఇంట్లోనూ అడుగుపెట్టలేదు.

త్రిపురసుందరి వంటింట్లో కడగకుండా గిన్నెలోకి దిగిన గింజ లేదు. బియ్యం, పప్పు, ఆఖరికి అటుకులు కూడా పంపు కింద పడాల్సిందే. ఓట్స్ ప్యాకెట్ విప్పి చిల్లుల గిన్నెలో పోసి, చేత్తో పిసికి పిసికి కడిగింది. నీళ్లు తెల్లగా దిగాయి. "ఎంత మురికుందో చూశారా" అంది, హాల్లో కూర్చున్న పేర్రాజు వినాలని. ఆవిడ మురికి అనుకుని పారబోసినదే ఓట్సు. మిగిలిన ముద్దలో బెల్లం పొడి, గోధుమపిండి, చిటికెడు వంటసోడా, డాక్టరు ఒప్పుకున్న చెంచాడు నెయ్యి కలిపింది. గారెల్లాగా మందంగా తట్టి నాలో పెట్టింది. కరకరలాడేలా వేపడానికి పుట్టిన నా చేత ఆ రోజు ఆవిరి పట్టించింది. నా అద్దం మీద నీళ్లు ధారలు కట్టాయి. పాల పళ్లు రాని పిల్లాడికి నమలడానికిస్తే సరిపోయేలా తయారయ్యాయి అవి.

పేర్రాజు ఒకటి తీసుకున్నాడు. కొరికితే తెగలేదు, లాగితే సాగింది. ఎలాగో మింగాడు.

"ఎలా ఉందండీ?" అంది.

"బాగుంది."

రెండోది కూడా తీసుకున్నాడు. అదీ బాగుందన్నాడు. త్రిపురసుందరి వంటింట్లోకి వచ్చి నా మీద మోచేతులు ఆనించి ఏడ్చింది. నేనింకా వేడిగానే ఉన్నాను. చురుక్కుమన్నా చేతులు తీయలేదు. ఏడ్చేవాళ్లంటే నాకు చిరాకు. అయినా ఆ రోజు నాకు ఒళ్లు మండింది ఆవిడ మీద కాదు, హాల్లో కూర్చున్న మనిషి మీద. అలాంటిదాన్ని బాగుందనే నాలుక ఉంటేనేం, లేకపోతేనేం.

కళ్లు తుడుచుకుని హిమబిందుకు ఫోన్ చేసింది.

"కడిగారా ఆంటీ?"

"కడక్కుండా ఎలా తింటామమ్మా?"

"ఓట్స్ కడక్కూడదు ఆంటీ. కడిగితే జావే."

ఆ మాట ఆవిడకు సుతరామూ నచ్చలేదు. ఫోన్ పెట్టేశాక కూడా ప్యాకెట్ వంకా పంపు వంకా మార్చి మార్చి చూసింది. చివరికి, "కడక్కపోతే మానె, నిప్పైనా చూపించాలి కదా" అని తనలో తనే అనుకుని ఓట్స్‌ని మూకుట్లో దోరగా వేయించింది. మనుషుల మూర్ఖత్వం ఒక్కోసారి మంచే చేస్తుంది. మామూలుగా అడ్డమే పడుతుంది కాబట్టి దీన్ని లెక్కలోకి తీసుకోకండి. ఈసారి పిండి ఉండల్ని గ్లాసు అడుగుతో అప్పడమంత పల్చగా ఒత్తింది. సెగ తగ్గించి పెట్టింది. నా తలుపు ఒక్కసారి కూడా తీయలేదు. తీశాక గాలికి ఆరనిచ్చింది. అంచులు ఎర్రగా, మధ్యలో బంగారు రంగుతో నా జీవితంలోకెల్లా గొప్ప వాయి అది. దాన్ని సగం అక్కడే ట్రేలో ఉంచి, సగం పళ్లెంలో పెట్టుకుని వెళ్లింది.

హాల్లో బిస్కెట్ విరిగిన చప్పుడు వంటింటిదాకా వినిపించింది. నమలడం ఆగింది. నేను పొగడ్తకు సిద్ధంగా ఉన్నాను.

"వేగలేదు" అన్నాడు పేర్రాజు.

"ఏంటండీ?"

"చెవుడా? లోపల పచ్చిగా ఉందంటన్నాను. ఇన్నేళ్లకీ నీకు వేపడం రాలేదు."

పచ్చి అబద్ధం. ఆ బిస్కెట్లో ఎక్కడా పచ్చి లేదు. నాకు నిలువెల్లా కంపరమెత్తింది. ఆయన కుర్చీలోంచి లేచాడు. గోడ పట్టుకుని, ఒక్కో అడుగే వేసుకుంటూ వంటింట్లోకి వచ్చాడు. ఆసుపత్రి నుంచి వచ్చాక ఆ గడప దాటడం అదే మొదలు. ట్రేని మళ్లీ నాలోకి తోసి, నాబ్‌ని చివరిదాకా తిప్పేశాడు.

"వేగాలంటే సెగుండాలి. చూడు."

త్రిపురసుందరికి తెలుసు. అంత సెగకు అవి బొగ్గులైపోతాయని ఆవిడకు నాకంటే బాగా తెలుసు. చెయ్యి నాబ్ దాకా వచ్చింది. వచ్చి, మళ్లీ వెనక్కి వెళ్లి కొంగు పట్టుకుంది. నాలోంచి పొగ లేచింది. నా గొప్ప వాయి నా కళ్లముందే నల్లబడింది. ఇద్దరు మనుషులు చూస్తూ నిలబడ్డారు.

పేర్రాజు నల్లటి ముక్కొకటి ఊదుకుని నోట్లో వేసుకున్నాడు. కళ్లు మూసుకుని నమిలాడు.

"ఇదీ వేగడమంటే. రేపు పిండిలో కాస్త వాము వెయ్యి. చెప్తే గానీ తట్టదు నీకు."

ఓట్స్ బిస్కెట్లో వాము. మనుషుల గురించి నేను ఇంతదాకా చెప్పినదంతా ఆ ఒక్క మాటతో రుజువైపోయింది. అయినా ఆ ఇంట్లో ఆయన నోట "రేపు" అన్న మాట నేను వినడం అదే మొదటిసారి.

"అలాగేనండి" అంది త్రిపురసుందరి. మాడిన ముక్కొకటి తనూ నోట్లో వేసుకుని, మొహం అటు తిప్పుకుని, అరలో వాము డబ్బా కోసం వెతకడం మొదలుపెట్టింది. డబ్బా ఎదురుగానే ఉంది. కళ్ల నిండా నీళ్లు పెట్టుకుంటే ఎలా కనపడుతుంది?