ఆరో నంబరు చోటు

డీజిలే కదా, విమానం ఎనుక మండే గొట్టంలోకి కాస్త డీజిలు చిమ్మితే తెల్ల పొగ అయితది నాన్నా, గింత పెద్ద ఫిజిక్స్ లెక్చరర్‌వి, గిది తెల్వదా నీకు, అని నవ్విన శాంతికుమార్ గొంతు ఇంకా చెవిలోనే ఉంది, టైలరు బషీర్ ఇంట్లో కూర్చున్న ఆంథోనికి ఎదురుగా టీవీ మాత్రం నీలం అలికిన పలకలా కనబడుతోంది, రెండు కళ్ళకూ శుక్లాలు, ఆపరేషన్ చేయించుకోండ్రి సార్ అని బషీర్ పోరుతూనే ఉన్నాడు, ఏం చూడాలని, చూడాల్సిన కొడుకు ఎండాకాలంలో ప్రాక్టీసు చేస్తూనే విమానంతో సహా నేలరాలాడు, భార్య సంపూర్ణ అంతకు రెండేళ్ళ ముందే పోయింది, ఆ కబురు వినకుండా పోయింది, దేవుడు చేసిన దయ అదొక్కటి, సార్, చాయ్ చల్లారుతుంది అంటూ బషీర్ భార్య ఇస్మత్ గ్లాసు చేతికిచ్చి, వేళ్ళు కాలకుండా చుట్టూ గుడ్డ సర్దింది, ఈ దయ ఇంకొకటి, బయట బొగ్గు లారీ వీధంతా వణికించి పోయింది, ఈరోజు ఎయిర్‌ఫోర్స్ డే, వాడి తొమ్మిది విమానాల టీమ్ ఎగురుతుంది, తెలియాల్సింది ఒక్కటే, ఎనిమిదా, తొమ్మిదా.

వాణ్ణి పూడ్చిన రోజున ఎనిమిదే ఎగిరాయి, పలువరసలో పన్ను ఊడినట్టు వాడి ఆరో నంబరు చోటు ఖాళీగా, అప్పటికింకా చూపు ఇంత మసకబారలేదు, ఆ ఖాళీలోంచి ఆకాశం కనబడింది, ఇక ఎప్పటికీ అట్లాగే ఎగురుతారనుకున్నాడు, ఆ నమ్మకంతోనే ఇన్ని నెలలు అన్నం తిన్నాడు, కానీ వాడే అనేవాడు కదా, వరసల ఖాళీ ఉండొద్దు నాన్నా, ఉంటే అందరి కళ్ళు దాని మీదికే పోతయి, మా కళ్ళు లీడర్ రెక్క మీదనే ఉండాలె, నేల దిక్కు చూస్తే వరస తప్పుతం, మరి నేల దిక్కు చూడకపోతే, శాంతీ, ఒక్కసారి చూస్తే ఏం పోయేదిరా.

వచ్చినయ్ సార్, వచ్చినయ్, లెక్కపెట్టు బషీర్, పైకి లెక్కపెట్టు, టీవీ గొంతు టక్కున ఆగింది, సౌండ్ ఏమైందయ్యా, కేబులోడు సార్, వాని సంగతి మీకెరికే గద, ఒకటి, రెండు, మూడు, టైలరు కదా, టేపు జరిపినట్టు ఒక్కొక్కటే జరుపుతున్నాడు, ఆరు, ఏడు, ఎనిమిది, అంతే సార్, మన బాబు జాగ ఖాళీగనే ఉంచిండ్రు.

ముప్పై ఏళ్ళు ఖమ్మం కాలేజీలో హాజరు పిలిచిన చెవి అది, రానివాడి బదులు ఎస్ సార్ అన్న గొంతును ఇట్టే పట్టేసేది, చివరి అంకె దగ్గర ఎవరి గొంతైనా దిగుతుంది, బషీర్ అన్న ఎనిమిది దిగలేదు, తొమ్మిదికి లేచిన ఊపిరి నోటి దాకా వచ్చి ఆగింది, కేబుల్ పోతే బొమ్మ కూడా పోవాలి కదా పిచ్చోడా అనుకుని, పైకి మాత్రం, అవ్ బషీర్, మంచిగ ఉంచిండ్రు అన్నాడు ఆంథోని, చాయ్ తాగాడు, చల్లారింది, వాడి చోట్లో ఇప్పుడు ఏ తండ్రి కొడుకో, లీడర్ రెక్కనే చూసుకుంటూ, చల్లగా ఉండనీ, ఆకాశంలో శాంతికుమార్ చోటు నిండిపోయింది, ఇక వాడికి ఈ లోకంలో మిగిలిన ఖాళీ, బషీర్ మింగేసిన ఆ ఒక్క అంకె అంత.