గవరయ్యశెట్టి తూర్పుగది

వైశాఖమాసారంభమున ఒకనాటి సాయంసమయమున మల్లికాకుసుమపరిమళవాసితంబగు గోదావరీసమీరము నరసాపురపు వీధులందు మందమందముగ సంచరించుచుండ పౌరులెల్లరు గాలికొరకు వాకిళ్లయందు మంచములు వేసికొనుచుండగా చక్కా గవరయ్యశెట్టి మాత్రము లోన చోటులేక వాకిట మంచము వేసికొనెను. చింతపండు వర్తకుడగు నాతనికి ఆనాటికి గలిగియున్నది యేమనగా నలువదియెనిమిదేండ్ల వయస్సును భార్య పోయిన పదియేండ్ల వైధుర్యమును నాలుగు గదుల పెంకుటిల్లును ఆ గదులన్నిటిలో కలిపి కాలు మోప నాలుగు మూరల నేలయును. మిగిలిన నేలనెల్ల గుండిగలు గంగాళములు కాళ్లు విరిగిన కుర్చీలు గుడ్డ చినిగిన గొడుగులు ఆక్రమించియుండెను. మూతలేని పెట్టె నొకదానిని పెట్టెలేని మూత నొకదానిని దాచియుంచిన యా దూరదర్శి అవి రెండును ఒకదానికొకటి సరిపడవని యెన్నడో కొలిచి తెలిసికొనియు రెంటిని విడువకుండెను.

అట్టివానికి పాలకొల్లు బాలికాపాఠశాలలో ఉపాధ్యాయినిగా నుండిన మాణిక్యాంబ యను వితంతువుతో సంబంధము కుదురవచ్చెను. నలువదియేండ్ల యా విదుషి తన యన్నతో గూడ వరుని యిల్లు చూడవచ్చి గడపకడ నిలిచి లోనికి తొంగిచూచి ఫక్కున నవ్వెను.

“శెట్టిగారూ, మీరు నచ్చారండి. మీ ఇల్లే నచ్చలేదు. నేనూ నా పుస్తకాల పెట్టే ఎక్కడుండాలి? అటక మీదా?”

“అటక మీద కూడా చోటు లేదండి” అని శెట్టి యున్నమాట పలికెను.

“అయితే ఆ తూర్పుగది ఒక్కటి ఖాళీ చేయించండి. గోడ నుంచి గోడ దాకా నేల కనపడాలి. పెళ్లినాటికి కనపడకపోతే ఈ గడప దాటను, వచ్చిన బండిలోనే పాలకొల్లు వెళ్లిపోతాను.”

పదియేండ్లుగా నా యింట నెవ్వరును నవ్వియుండలేదు గావున ఆ నవ్వు శెట్టి మనమున నాటుకొనెను. అయినను తూర్పుగది సామానునందు చేయి వేసినతోడనే యాతనికి వర్తకబుద్ధి యడ్డుపడెను. అమ్ముదమన్న తగిన వెల పలుకదు. ఊరక యిత్తమన్న చేయి రాదు. పగిలిన గుండిగ నొకదానిని మూడుమారులు వీధిలోనికి గొనిపోయి మూడుమారులును లోనికి గొనివచ్చెను. నాలుగవనాడు దివ్యమైన యుపాయము స్ఫురించెను. వస్తువులనెల్ల ఎరవిచ్చినచో అవి గదిలో నుండవు గాని తనవిగానే యుండును! ఆ వీధిలో ఎరవుపోయిన వస్తువు తిరిగివచ్చుట యెన్నడును లేదు గాన గది మరల నిండునను భయమును లేదు.

ఎదురింటి సూరమ్మ గంగాళమును రెండు చేతుల నందుకొనుచు విస్తుపోయియు చేతులు ఖాళీలేక బుగ్గలు నొక్కుకొనలేకపోయెను.

“ఏంటి బాబూ, ఇరవయ్యేళ్ల నుంచి గరిటె అడిగినా ఇవ్వనోరు పిలిచి గంగాళం ఇత్తన్నారు! లోపల పాముగానీ ఉందేంటండి?”

“తీసుకెళ్లవమ్మా. తిరిగివ్వడానికి తొందరేం లేదు.”

కాళ్లు విరిగిన కుర్చీలను సైతము వడ్రంగి కామయ్యకు ఎరవిచ్చెను. అయిదు దినములలో తూర్పుగది నేల గోడనుండి గోడవఱకు కానవచ్చెను. శెట్టి యందు ఒంటరిగా నడచి తన యడుగుల చప్పుడు తానే విని మురిసి యింటి తాళము సూరమ్మ కప్పగించి పాలకొల్లు చేరి బహుళపంచమినాటి యుదయమున వివాహమాడెను.

ఆ సాయంకాలమే వధూవరుల గూడుబండి యింటిముందు నిలిచెను. వీధివారెల్లరు వాకిట గుమిగూడి ముసిముసినగవులు నవ్వుచుండిరి. ఏలయనగా పెండ్లియింటి పాత్రలు తమకడ నుంచుకొనుట తగదనియు తెచ్చుకొన్న పాత్రను వట్టిగా మరలించుట మర్యాద గాదనియు తలంచి వారు గంగాళముల పులిహోరయు గుండిగల బొబ్బట్లును నింపి తెచ్చి తూర్పుగదిలో నడుగు పెట్ట సందులేకుండ పేర్చియుండిరి. కామయ్య కుర్చీలకు కొత్తకాళ్లు వేసి మరీ తెచ్చెను.

మాణిక్యాంబ గడపమీది బియ్యపుకుంచమును దన్నుటకై యెత్తిన పాదమును వెనుకకు దీసికొనెను. ఆమె యన్న యెద్దులను విప్పవలదని బండివానికి సైగ చేసెను.

“ఖాళీ చేశానన్నారు?” అని మాణిక్యాంబ యడిగెను.

“చేశానండి! ఎరవిచ్చాను. వీళ్లు తిరిగి తెచ్చేశారు.”

“ఎరవా! ఎవరికేం ఇచ్చారో గుర్తుందా?”

“ఎందుకుండదండీ? సూరమ్మకి గంగాళం. బండి నూకయ్యకి గుండిగలు మూడు, అందులో ఒకటి సొట్టది. పూల మంగమ్మకి...” అని శెట్టి యొక్కటి తప్పక ముప్పదియేడు వస్తువులను వల్లించెను. వీధి యంతయు గొల్లుమనెను.

“గది ఖాళీ అయిందిగానీ సామానంతా మీ బుర్రలోనే ఉంది. ఇక నేనెక్కడుండాలి?”

ఆమె యీమాట నవ్వక పలికెను. శెట్టి యొకవైపు ముప్పదియేడు వస్తువులను వేఱొకవైపు గడపవెలుపల నిలిచిన యొక్కతెను మనమున తూచెను. ముల్లు ఊగుటకైన వ్యవధి పట్టలేదు.

“వినండర్రా! తెచ్చిందంతా ఇప్పుడు అందరం కూర్చుని తిందాం. గంగాళం, గుండిగలు, కుర్చీలు ఎవరు తీసుకెళ్లినవి వాళ్లవే. ఎరవు కాదు. మళ్లీ తిరిగి తెచ్చినవాళ్లతో నేను మాట్లాడను.”

“మళ్లీ చెప్పండి బాబూ! ఇంకా నమ్మకం కుదర్లేదు!” అని సూరమ్మ కేక వేసెను.

శెట్టి మరల చెప్పెను. గంగాళమను మాటయొద్ద ఒక్కమారు తూర్పుగదివైపు చూచెను గాని మాట తప్పలేదు. మాణిక్యాంబ పకపక నవ్వి బియ్యపుకుంచమును దన్ని లోనికి నడచెను.

ఇక నీ బేరమున తేలిన మొత్తము. పోయినవి ముప్పదియేడు వస్తువులు. వచ్చినవి యొక గది, ఆ గదిలో ప్రతిదినము ప్రాతఃకాలమున చాపలపై కూర్చుండి మాణిక్యాంబయొద్ద అక్షరములు దిద్దుకొను వీధిబాలికలు పదునొకండ్రు, వారి కంఠస్వరముల నాలకించుచు ద్వారబంధమున కానుకొని కొట్టు తెఱచువేళ దాటిపోయినను కదలని వర్తకుడొకడు.