అడిగిందే పాఠం

భాను పోయేనాటికి నా చేతిలో మిగిలినవి గవర్నర్‌పేటలో ఎలక్ట్రికల్ సామాన్ల హోల్‌సేల్ దుకాణం, భవానీపురంలో సొంతిల్లు, ఎనిమిదేళ్ళ కూతురు సింధూరి, ఆ పిల్లకు చదువు చెప్పే పద్ధతి ఒకటి.

ఆ పద్ధతి నా భార్యది. సింధూరికి ఏడీహెచ్‌డీ అని, ఒకచోట కుదురు నిలవదని డాక్టరు చెప్పాక, రెండు స్కూళ్ళు మార్చి చూసి, చివరకు భాను పిల్లను ఇంటికి తెచ్చేసింది. "పాఠం మనం పెట్టకూడదండీ. అదేం అడిగితే అదే పాఠం. అడిగాక మాత్రం నిజమే చెప్పాలి" అనేది. ఇందులో గిట్టుబాటు ఏముందో నాకు మొదట అర్థం కాలేదు. వైరు చుట్ట విప్పి, మేడ మీద ఆ చివర నుంచి ఈ చివరకు పరుగెత్తుతూ పిల్ల మీటర్లు నేర్చుకుంది. ఆ మీటర్లతోనే గుణకారాల్లోకి వచ్చింది. అప్పుడు ఒప్పుకున్నాను.

జ్వరమని ఆసుపత్రిలో చేర్చిన భాను తిరిగి రాలేదు. ఆ రోజుల్లో సింధూరిని చల్లపల్లిలో మా చెల్లెలి దగ్గర ఉంచాం. అమ్మ ఆసుపత్రిలో ఉందని చెల్లెలు చెప్పిందట. ఇంటికొచ్చాక పిల్ల అన్నీ అడిగింది. బ్యారేజీ గేట్లు ఎవరు ఎత్తుతారని, కరెంటుకు రంగుంటుందా అని. అమ్మ సంగతొక్కటీ అడగలేదు. నేనూ చెప్పలేదు. రోజూ దుకాణానికి వెంట తీసుకెళ్ళేవాణ్ణి.

మా అత్తగారు సీతారావమ్మ ఫోన్ చేసినప్పుడల్లా అదే మాట.

"ఇంకా చెప్పలేదా బాబూ?"

"అడగలేదండీ. అడిగితే చెప్తాను."

"అడిగితేగానీ చెప్పకూడదని ఎవరన్నారు?"

"మీ అమ్మాయేనండీ."

"మా అమ్మాయి పిల్ల కోసం అంది. మీరు మీ కోసం వాడుకుంటున్నారు."

బేరంలో నన్ను ఓడించినవాళ్ళు తక్కువ. ఆవిడ ఓడించింది.

ఒక శనివారం, షట్టరు ఎత్తిన కాసేపటికే చల్లపల్లిలో షాపున్న సంజీవరావు వచ్చాడు. ఇంకా బోణీ కాలేదు.

"ప్రసాద్‌గారూ, పాత మోడల్ రెగ్యులేటర్లు కావాలి."

"నిండుకున్నాయండీ."

అట్టపెట్టెల మధ్య గెంతుతున్న సింధూరి ఆగింది. "అవి ఖాళీ డబ్బాలేగా నాన్నా. నిండాయంటావేంటి?"

"దొరికిపోయారండీ" అని సంజీవరావు నవ్వాడు.

"దుకాణంలో లేదనకూడదమ్మా, అశుభం. అందుకని అలా అంటాం."

"అంటే లేవనా?"

"లేవనే."

"మళ్ళీ వస్తాయా?"

"రావు. కంపెనీవాళ్ళు చెయ్యడం మానేశారు."

పెట్టె మూత తీసింది, మూసింది. తర్వాత ఏదో రేటు అడిగినంత మామూలుగా అడిగింది.

"అమ్మ నిండుకుందా?"

సంజీవరావు తల దించుకున్నాడు. మా తాత పెట్టిన దుకాణం అది. బోణీకి ముందు ఆ గల్లా దగ్గర 'లేదు' అన్న మాట ఎవరూ పలికి ఎరగరు.

"అమ్మ లేదు తల్లీ. చనిపోయింది. ఇంక రాదు."

"నా గురించి అడిగిందా?"

"అడిగింది. అన్నం తిన్నావా అని."

"తిన్నానని చెప్పావా?"

"చెప్పాను."

"తినలేదు నాన్నా. అత్తావాళ్ళ కూర బాలేదు."

సంజీవరావు బయటికి నడిచి, తనే షట్టరు సగం దించి వెళ్ళిపోయాడు.

ఆ రోజు బోణీ కాలేదు. సింధూరి ఏడ్చింది, మధ్యలో ఏదో అడిగింది, మళ్ళీ ఏడ్చింది. అడిగినదానికల్లా ఉన్నదున్నట్టు చెప్పాను. నష్టం ఎక్కడిదక్కడే ఉంది, అది పూడేది కాదు. వచ్చిందల్లా ఒకటే. అంతవరకూ భాను కోసం స్నానాలగదిలో కుళాయి తిప్పుకుని నేనొక్కణ్ణే ఏడ్చేవాణ్ణి. ఇప్పుడు ఇద్దరం హాల్లోనే కూర్చుని ఏడుస్తున్నాం.