కారకుల జాబితా

"అన్నం గిన్నె తెచ్చుకుంటానయ్యా, ఒక్క నిమిషం" అని అమలమ్మ బతిమాలుతూనే ఉంది. కాలుష్యం ఆఫీసు వాళ్లు షెడ్డు తలుపుకు గొలుసు వేశారు, తాళానికి గుడ్డ చుట్టారు, లక్క కరిగించి ముద్ర కొట్టేశారు. నలభై ముగ్గురు ఆడవాళ్ల మధ్యాహ్నపు కూడు లోపలే ఉండిపోయింది. అది 2003 జూలై. బెజవాడలో కాలువ గట్టు మీద పొద్దున్నే రెండు జీపులు, ఒక వీడియో కెమెరా.

సుబ్బరత్నం ఊరుకోలేదు. షెడ్డుకు పై పక్కన కాలువలోకి బుడబుడమని పడుతున్న గొట్టం చూపించింది.

"ఆ లాడ్జీ గొట్టం కనపళ్లేదా సారూ? వాళ్ల దొడ్డినీళ్లకి సీలు లేదా?"

"అది వేరే సంగతమ్మా. పక్కకి జరుగు" అన్నాడు అధికారి.

ఊరు పారేసిన ప్లాస్టిక్ అంతా ఆ షెడ్డుకే చేరేది. విరిగిన బకెట్లు, సెలైన్ సీసాలు, తెగిన చెప్పులు. రకాలు తేల్చి, కాస్టిక్ సోడా కలిపిన వేడినీళ్లలో కడిగి కరిగించే మిషన్లో వేసేవాళ్లు. రకం తేల్చేది మెహబూబ్ బీ. ముక్క కొస అంటించి, ఆర్పి, పొగ వాసన చూసేది. కొవ్వొత్తి వాసన వస్తే ఒక కుప్ప, ముక్కు భగ్గున మండితే ఇంకో కుప్ప. పదకొండేళ్లుగా బెజవాడ చెత్తంతా ఆమె ముక్కు దాటే వెళ్లింది. అమలమ్మది తొట్టి దగ్గర కలిపే పని. ఆమె దగ్గు వినే గట్టు మీద వాళ్లు షెడ్డు తెరిచారని తెలుసుకునేవాళ్లు.

యజమాని సంజీవరావు ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకుని అధికారుల పక్కనే నిలబడ్డాడు. "పైనుంచి ఆర్డరు. నన్నేం చెయ్యమంటారు?" అని కారెక్కి వెళ్లిపోయాడు.

"భయపడకండే. మన పేర్లు జాబితాలో ఉన్నాయి" అంది మెహబూబ్ బీ.

ఆ ధైర్యానికి కారణం ఉంది. రెండు నెలల క్రితం సంజీవరావే ఒక కాగితం తెచ్చాడు. గుర్తింపు కార్డులొస్తాయి, ముక్కుకు మాస్కులొస్తాయి, సంతకాలు పెట్టండి అన్నాడు. అందరిలోకీ అక్షరం ముక్క వచ్చింది మెహబూబ్ బీకే. అక్షరాస్యత ఉద్యమం రోజుల్లో రాత్రి బడికి వెళ్లింది. బడి మూతపడ్డాక గోడల మీది కార్మిక సంఘాల ఎర్ర రాతలు కూడబలుక్కుని చదువు నిలబెట్టుకుంది. కాగితం మీద సంతకాల గళ్లకి పైన ఒక్క వరసే ఉంది. ఆమే అది అందరికీ వినపడేలా చదివింది.

"కాలుష్య కార్మికుల జాబితా!"

ఆడవాళ్లు చప్పట్లు కొట్టారు. పదకొండేళ్లలో ఒక్క కాగితం మీదైనా తమను కార్మికులన్నవాడు లేడు. వచ్చినవాళ్లు సంతకం, రానివాళ్లు వేలిముద్ర, అందరూ నవ్వుకుంటూ పెట్టారు.

సీలు పడిన వారానికి గవర్నర్‌పేటలో ఒక హాల్లో కాలువల పరిరక్షణ సమితి సభ పెట్టింది. షెడ్డు మీద అర్జీ పెట్టింది ఆ సమితే. ఆడవాళ్లు చక్కగా తల దువ్వుకుని, ఉన్నవాటిలో మంచి చీరలు కట్టుకుని వెళ్లి వెనక వరసల్లో కూర్చున్నారు. సమితి అధ్యక్షుడు లక్ష్మీకాంత్ కెమిస్ట్రీ చెప్పి రిటైరైన లెక్చరర్. మంచివాడే. ఆ మంచితనం గట్టు దిగి వాళ్ల గుడిసెల్లోకి మాత్రం ఏనాడూ తొంగి చూడలేదు.

"అమ్మా, మేం మీకు శత్రువులం కాదు. ఈ నీళ్లు కంకిపాడు దాకా జనం తాగుతున్నారు. మీ ఆరోగ్యం కోసం కూడా మా పోరాటం" అన్నాడాయన.

మెహబూబ్ బీ లేచి నిలబడింది. "ఆ నీళ్లే మేమూ తాగుతాం సారూ. పైగా ఆ పొగ కూడా పీలుస్తాం. ముందు చచ్చేది మేమేగా! మరి అర్జీ రాసే ముందు మమ్మల్నో మాట అడగాలనిపించలేదా?"

"ప్రత్యామ్నాయ ఉపాధి గురించి తర్వాతి దశలో తప్పకుండా..."

"తరవాతా? మరి ఆకలికి చెప్తారా, తరవాత రమ్మని?" అని అరిచింది సుబ్బరత్నం. హాలు గోలగోలైంది. ముందు వరసలో ఎవరో పెద్దమనిషి "వీళ్లనెవరు రానిచ్చారండీ?" అన్నాడు.

"మేం సంజీవరావు దగ్గర పన్జేసే కార్మికులం. మా పేర్లు ఆఫీసు కాయితాల్లోనే ఉన్నాయి, చూస్కోండి" అంది మెహబూబ్ బీ.

సమితిలో పనిచేసే డిగ్రీ విద్యార్థిని సింధూరి కాలుష్యం ఆఫీసు ఇచ్చిన నకళ్ల ఫైలు తిరగేసింది. కాగితం దొరికింది. అది రెండుసార్లు చదివింది.

"అమ్మా, ఇది కార్మికులు కాదండీ. కారకులు."

"అంటే?"

"అంటే... కాలువని పాడుచేసినవాళ్లు. తను షెడ్డు ఊరికే అద్దెకిచ్చాననీ, మీరే ఎవరికి వాళ్లు ప్లాస్టిక్ తెచ్చుకుని కడుక్కున్నారనీ సంజీవరావుగారు విడిగా రాసిచ్చారు. ఈ జాబితా కింద ఒప్పుకున్నట్టు మీ సంతకాలున్నాయి. కేసు మీ మీదే పెట్టారు."

మెహబూబ్ బీ కాగితం లాక్కుని చూసింది. కా ఉంది, కు ఉంది, ల ఉంది. రెండో అక్షరానికి గుడి లేదు, కింద మ వత్తు లేదు. గోడల మీద వెయ్యిసార్లు చదివిన మాటే కదా అని కళ్లు ఆ అక్షరం మీద ఆగకుండా ముందుకు వెళ్లిపోయాయి. ఒక గుడి, ఒక వత్తు, నలభై మూడు కొంపలు. ఆమె హాలు మెట్ల మీద కూలబడి తల బాదుకుంది.

"నేనే ముంచాను. నా చదువు తగలెయ్యా, నేనే అందర్నీ ముంచాను!"

అమలమ్మ పక్కన కూర్చుని, దగ్గు ఆగాక అంది. "నువ్వు చదివావు బూబమ్మా, రాసింది నువ్వా? రాసినోణ్ణి అడుగుదాం పద."

అడిగారు. నెల రోజులు అడిగారు. సంజీవరావు ఇంటి గేటు తెరుచుకోలేదు. ఆఫీసులో ఒక బల్ల ఇంకో బల్లని చూపించింది. ఈలోగా అతను హనుమాన్ జంక్షన్ అవతల వేరే పేరుతో షెడ్డు వేశాడు. అలాంటి మిషనే, అలాంటి తొట్టే. అక్కడి ఆడవాళ్లతోనూ ఏదో కాగితం మీద సంతకాలు పెట్టించాడట. విషం ఊరు మారింది, అంతే. సమితి మాత్రం విజయం సాధించామని పత్రికలకు ప్రకటన ఇచ్చింది.

పని లేక అమలమ్మ మందు బిళ్లలు కొనడం మానేసింది. ఆగస్టు చివర్లో ఒక తెల్లవారుజామున దగ్గు ఆగింది, ఊపిరీ ఆగింది.

అదే రోజు కాలువ గట్టు మీద సమితి మానవహారం ఉంది. మంత్రిగారొస్తారు. శవం చుట్టూ చేరిన ఆడవాళ్లలో వాదులాట మొదలైంది.

"ఇప్పటికే మన మీద కేసుంది. పోలీసులు చావగొడతారు. గుట్టుగా మట్టి చేసేద్దాం" అంది సుబ్బరత్నం ఏడుస్తూ.

"గుట్టుగా ఉండబట్టే ఇంతదాకా వచ్చింది" అంది మెహబూబ్ బీ. "నేనొకసారి మిమ్మల్ని ముంచాను. మళ్లీ నా మాట మీద రావద్దు. ఎవరికి వాళ్లు ఆలోచించుకోండి."

అప్పుడు అమలమ్మ తల్లి తెరేసమ్మ కూతురి దుప్పటి సర్దుతూ అంది. "నా పిల్ల బతికున్నప్పుడు ఏ ఆఫీసరూ దాని మాట ఇన్లేదు. ఇప్పుడన్నా పదిమందీ చూడనీండమ్మా." సుబ్బరత్నమే ముందు వంగి పాడె కొమ్ము పట్టుకుంది.

గట్టు పొడుగునా కాలేజీ పిల్లలు చేతులు కలుపుకుని నిలబడ్డారు. పాడె రావడం చూసి లక్ష్మీకాంత్ చేతులు జోడించాడు. "దారివ్వండి బాబూ, దారివ్వండి."

"దారి వద్దు సారూ. దించండే!" అంది మెహబూబ్ బీ.

పిల్లలు చేతులు వదిలిన ఖాళీలోనే పాడె దించారు. నలభై ఇద్దరూ దానికి అటూ ఇటూ నిలబడి చేతులు కలిపారు.

"మేమూ కాలవని కాపాడ్డానికే వచ్చాం" అంది మెహబూబ్ బీ. "షెడ్డు తెరవమని అడగట్లా. ఆ పొగలోకి పొమ్మన్నా పోం. మేం సంజీవరావు దగ్గర పన్జేశామని రాయండి. మా రోగాలకి వాడు జవాబు చెప్పాలి. జంక్షన్లో పెట్టిందీ మూయించండి, కానీ అక్కడి ఆడోళ్లకి ముందు పని చూపించి మూయించండి!"

"మంత్రిగారొచ్చే టైమమ్మా" అని లక్ష్మీకాంత్ గొంతు తగ్గించి బతిమాలాడు. ఇన్‌స్పెక్టర్ బతిమాలలేదు. లాఠీలు లేచాయి. జుట్టు పట్టి, రెక్క పట్టి నలభై ఇద్దరినీ వ్యానుల్లోకి ఈడ్చారు. గట్టు మీద పాడె, దాని పక్కన తెరేసమ్మ మిగిలారు. మెహబూబ్ బీ వ్యాను జాలీ పట్టుకుని గొంతు చిరిగేలా అరిచింది.

"మట్టి చెయ్యొద్దు తెరేసమ్మా! మేం వచ్చేదాకా మట్టి చెయ్యొద్దు!"

వ్యాన్లు వెళ్లిపోయాయి. చాలామంది పిల్లలు భయపడి ఇళ్లకు పోయారు. అరవై మంది దాకా పోలేదు. సింధూరి వెళ్లి పాడె దగ్గర నేల మీద కూర్చుంది. ఒకరొకరుగా వాళ్లూ వచ్చి చుట్టూ కూర్చున్నారు. మంత్రి కారు దూరం నుంచే వెనక్కి తిరిగింది. లక్ష్మీకాంత్ చాలాసేపు నిలబడి చూశాడు గానీ కూర్చోలేదు.

ఇన్‌స్పెక్టర్ తిరిగొచ్చి వంగి, మెత్తగా అన్నాడు. "చదువుకునేదానివి, నీకెందుకమ్మా ఇదంతా? ఈ ఉక్కకి శవం సాయంత్రం దాకా ఆగదు."

"తెలుసండీ" అంది సింధూరి. "అందుకే వాళ్లని తొందరగా వదలండి."