వంతెన కింద అక్క

ఆ ఊరి నుంచి ఏ దిక్కుకు పోయినా సముద్రం ఇప్పట్లో తగలదు. అయినా వంతెన కింద, ఏటికి అడ్డంగా వేసిన కాంక్రీటు గట్టు మీంచి నీళ్ళు దూకి పైకి లేచే చోట, ఒక అల కదలకుండా అక్కడే నిలబడి ఉంటుంది. దాని మీద చెక్కలేసుకుని జారేవాళ్ళను చూడ్డానికి జనం పనిలేనట్టు మూగుతారు.

ఆ మధ్యాహ్నం లేతు పనివాడు కూడా తన లేతు షాపువాళ్ళతో పాటు భోజనం డబ్బా పట్టుకుని పిట్టగోడ దగ్గర చేరాడు.

"చూడండ్రోయ్, ముసలామె!" అన్నాడు షాపు మేస్త్రీ. "మనవల్ని ఎత్తుకోవాల్సిన వయసులో ఈ వేషాలేంట్రా!"

కింద అల ఎక్కడానికి వంతు కోసం నిలబడ్డ వరసలో నల్ల రబ్బరు సూటు, నెరిసిన జుట్టు. లేతు పనివాడు కలిపిన ముద్ద మళ్ళీ డబ్బాలో పెట్టేశాడు. అది వాళ్ళక్క. అమ్మానాన్నా పోయాక లాండ్రీలో ఇస్త్రీ చేసి అతన్ని పెంచిన అక్క. 'ఈత నేర్చుకుంటున్నానురా' అంటే మోకాళ్ళ నొప్పులకేమో అనుకున్నాడు.

"ఇంట్లో అడిగే మగాడు లేడేమో," అన్నాడొకడు.

"ఉన్నా చవట అయ్యుంటాడు."

ఆ మాటన్నది లేతు పనివాడే. అందరూ పగలబడి నవ్వారు. అతను ఇంకాస్త గట్టిగా నవ్వాడు.

ఆ నవ్వుకి ఆమె తలెత్తింది. సూటిగా అతన్నే చూసింది. ఇంతలో ఆమె వంతు వచ్చింది. మోకాళ్ళు వంచి, చేతులు చాచి, ఏ కంగారూ లేకుండా అల మీద నిలబడింది. పైన నవ్వులు ఠక్కున ఆగిపోయాయి. చాలాసేపటికి పడి, ఈదుకుంటూ ఒడ్డు చేరి, మెట్లెక్కి వచ్చింది.

"అదరగొట్టారమ్మా!" మేస్త్రీ ప్లేటు ఫిరాయించాడు. "ఇంట్లోవాళ్ళేమీ అనరా?"

ఆమె జుట్టు పిండుకుంది. "ఒక్క తమ్ముడున్నాడు బాబూ. వాడు ఇటు రాడు."

"మావాడైతే చవట అయ్యుంటాడన్నాడు లెండి!" మేస్త్రీ లేతు పనివాడి భుజం తట్టాడు.

"అబ్బే, మంచోడే. కాస్త సిగ్గరి, అంతే."

చెక్క చంకన పెట్టుకుని నడిచింది. లేతు పనివాడు డబ్బా అక్కడే వదిలేసి, వెనకాలే పరిగెత్తి చెక్క కొస పట్టుకున్నాడు.

"ఎక్కడికిరోయ్?" మేస్త్రీ కేకేశాడు.

మా అక్కరా అనాలి. నాలుక చివరిదాకా వచ్చింది.

"బరువు కదా... పెద్దావిడ," అన్నాడు.

ఆమె ఆగింది. అతని వేళ్ళు ఒక్కొక్కటే చెక్క మీంచి తీసేసింది.

"పర్లేదు బాబూ, నాకలవాటే."

సాయంత్రం దాకా షాపులో మేస్త్రీ అతని మంచి మనసును పొగుడుతూనే ఉన్నాడు. అతను తల వంచుకుని, వద్దనకుండా విన్నాడు.