మొద్దుముక్కు తూటా

వాగులో మోకాలి లోతు నీళ్ళు పారుతున్నాయి, అయినా భద్రరాజు బూట్లు తడవడం లేదు. అదేమీ వింత కాదన్నట్టు అతను నడుస్తూనే ఉన్నాడు, ఎందుకంటే ముందు ముత్తిరెడ్డి నడుస్తున్నాడు, ముత్తిరెడ్డి వెనక నడిచేటప్పుడు కాళ్ళ కింద ఏముందో చూసుకునే అలవాటు అతనికి ఇరవై ఏళ్ళుగా లేదు. ముందున్న వీపు అదే వీపు, భుజం మీద ఎలుగుబంటి గీరిన మచ్చ అదే, మొలకి వేలాడే వెదురు గొట్టం అదే. ఆ గొట్టంలో తూటాలుంటాయి, అడుగు వేసినప్పుడల్లా అవి గలగలమనాలి, కాని ఈవేళ చప్పుడు లేదు. ముత్తిరెడ్డి చచ్చిపోయి రెండేళ్ళయిందన్న సంగతి భద్రరాజుకి గుర్తుంది. గుర్తున్నా, వేటకి వెళ్ళేవాణ్ణి వెనక నుంచి పిలవకూడదు గనక నోరు మూసుకుని నడుస్తున్నాడు.

వాగు దాటగానే పొగమంచు. మిట్టమధ్యాహ్నం మన్యంలో మంచేమిటని ఎవరూ అడగరు. ఆ మంచులో వెదురు పొదలు కాసేపు వెదురు పొదలుగానే ఉండి, కాసేపటికి రాజమండ్రిలో అతను రోజూ కూర్చునే కాఫీ హోటలు కుర్చీలవుతాయి, ఆ కుర్చీల్లో పాత వేట స్నేహితులు, పెద్ద గొట్టం తుపాకులవాళ్ళు, కాఫీ ఊదుకుంటూ నవ్వుతుంటారు.

"ఏమోయ్ రాజూ, దోమల్ని కొట్టే తుపాకీ పుచ్చుకుని అడవిదున్న మీదికి బయల్దేరావా?"

"మేకు సన్నగా ఉంటేనేనోయ్ దూలంలో దిగేది," అంటాడు భద్రరాజు, ఎప్పుడూ అనే మాటే. "గొట్టం సన్నందే, గుండు బరువు చూడు. మీ లావు గుండ్లు తోలు మీద డోలు వాయిస్తాయి. నాది గుండె దాకా వెళ్ళి తలుపు తడుతుంది."

అది ఉత్త గొప్ప కాదు. అతని రైఫిలు గొట్టంలో చిటికెన వేలు కూడా పట్టదు, కాని దానికి రెండు రకాల తూటాలున్నాయి. సూదిముక్కుది తేలిక, జింకకీ పందికీ సరి, పెద్ద ఎముక తగిలితే మాత్రం చితికి ముక్కలవుతుంది. మొద్దుముక్కుది పొడుగు, బరువు. చోటు చూసి కొడితే దున్న భుజం ఎముకని కూడా తొలుచుకుంటూ పోయి గుండెలో దిగుతుంది. పిట్ట కొంచెం కూత ఘనమని ఆ రైఫిలుకి 'పిట్ట' అని పేరు పెట్టింది ముత్తిరెడ్డే. కొండమీది పల్లెలో పుట్టి, అడవిలో జాడలు తీయడంలో అంతవాడు లేడనిపించుకున్న కొండరెడ్డి అతను. కంటి ముందు జంతువు నిలబడ్డాక చూపు మరల్చకూడదు, అందుకని తూటాలన్నీ అతని వెదురు గొట్టంలోనే ఉండేవి. భద్రరాజు చూపు ముందుకే ఉంచి చెయ్యి వెనక్కి చాపితే, ముత్తిరెడ్డి బొటనవేలితో తూటా ముక్కు తడిమి, కావలసినది ఆ అరచేతిలో పెట్టేవాడు. ఇంట్లో అన్నంలో రాయి తగిలిన రోజుంది గాని ముత్తిరెడ్డి చేతిలో తూటా మారిన రోజు లేదని ఈ హోటల్లోనే భద్రరాజు వందసార్లు చెప్పుకున్నాడు.

కాఫీ ఊదుకునేవాళ్ళల్లో ఒకడు ఇప్పుడు తలెత్తి అడుగుతాడు. "పాపం, ఆ రోజు మాత్రం మారిందటగా? దున్నకి సూదిముక్కుది అందించాడటగా?"

భద్రరాజు తల ఆడిస్తాడు. రెండేళ్ళుగా అలవాటైన తల, దానంతటదే ఆడుతుంది. చచ్చినవాడి కళ్ళు చారెడంటుంది లోకం. ముత్తిరెడ్డి విషయంలో ఆ మాట కూడా దక్కలేదు, వేళ్ళు మొద్దుబారి తన చావు తనే తెచ్చుకున్నాడంది. ఆ మాట లోకం నోట పెట్టింది భద్రరాజే.

అతని తల ఇంకా ఆగకముందే కుర్చీలు లేవు, మనుషులు లేరు. వెదురు పొదలకి అవతల, నల్లటి ఒంటికి తెల్ల మేజోళ్ళు తొడిగినట్టున్న కాళ్ళతో, అడవిదున్న నిలబడి ఉంది. అది మేత మేయడం లేదు. చెవులు కూడా ఆడించకుండా ఇటే చూస్తోంది.

ముత్తిరెడ్డి అప్పుడు వెనక్కి తిరుగుతాడు. ఇందాక లేని తెల్ల చొక్కా అతని ఒంటి మీద ఉంది. అది భద్రరాజు చొక్కా, ఆ రోజు శవం మీద కప్పింది, బొత్తాలు పెట్టుకోవడం రాక ముత్తిరెడ్డి వాటిని అలాగే వదిలేశాడు. ముఖంలో కోపం లేదు. కోపం ఉంటే బాగుండునని భద్రరాజుకి అనిపిస్తుంది, కోపమైతే బతిమాలి దించవచ్చు.

"ఏ గుండు ఏసేరు బాబూ?" అంటాడు ముత్తిరెడ్డి గుసగుసగా.

ఆ రోజు అడిగినదీ ఇదే మాట, ఇదే గొంతు. భద్రరాజు రైఫిలు గడియ తీసి చూడబోతాడు. గడియ రాదు. బొటనవేలు ఎర్రబడేలా లాగినా రాదు, లోపల ఏ తూటా ఉందో తెలియదు.

"నువ్విచ్చిందే ముత్తిరెడ్డీ."

దున్న నాలుగడుగులు ముందుకు వేస్తుంది. ఎండుటాకులు ఒక్కటీ చప్పుడు చేయవు.

"నేనిచ్చేనండి. మీరు పుచ్చుకున్నారా?"

పుచ్చుకోలేదు. ఆ పొద్దున ఫారెస్టు బంగళాలో కూరకి జింకని కొడదామని భద్రరాజే సూదిముక్కు తూటా రైఫిల్లో పెట్టుకుని బయల్దేరాడు. జింక కనపడలేదు, వంపు తిరగ్గానే దున్న ఎదురుపడింది. వెనక నుంచి ముత్తిరెడ్డి చెయ్యి వచ్చి, అడక్కుండానే, మొద్దుముక్కు తూటాని అతని అరచేతికి ఆనించింది. చల్లగా, బరువుగా ఆనింది. అతను ఆ చేతిని మోచేత్తో వెనక్కి నెట్టేశాడు.

"గడియ తీస్తే చప్పుడవుతుందనుకున్నాను," అంటాడు భద్రరాజు. "లోపలున్నది తీసి ఇంకోటి పెట్టేలోపు అది బెదిరి పారిపోయేది."

"పారిపోతే పోయేది గదండీ. దున్న మనకేటన్నా బాకీ ఉందా?"

దున్న ఇంకా దగ్గరైంది. దాని ఎడమ భుజం మీద తోలు ముడుచుకుపోయిన మచ్చ కనిపిస్తోంది, అక్కడే ఆ సూదిముక్కు గుండు ఎముకకి తగిలి చితికింది, ఆ దెబ్బకి రేగే అది ముత్తిరెడ్డిని కుమ్మేసింది, అప్పటినుంచీ ఆ కాలు ఈడుస్తూ నడుస్తోంది. భద్రరాజు వెనక్కి జరగబోతే వీపుకి గోడ తగులుతుంది, బంగళా గోడ, దానికి మేకుకి తగిలించిన అతని టోపీ. బంగళా ఇక్కడికెలా వచ్చిందో గాని తలుపు మాత్రం లేదు.

"బాబూ, నేనడిగేను. ఏ గుండని అడిగేను. మొద్దుదేనన్నారు," అంటాడు ముత్తిరెడ్డి, మరిచిపోయిన లెక్క గుర్తు చేసేవాడిలా నెమ్మదిగా. "మొద్దుదంటేనే గదండీ నేను పొద దాటి ముందుకొచ్చింది. సూదిదని ఒక్క ముక్క సెప్పుంటే సెట్టెక్కేవోణ్ణి. సెట్టు పక్కనే ఉంది."

చెట్టు పక్కనే ఉంది. ఇప్పుడూ ఉంది, నల్లమద్ది చెట్టు, చెయ్యి చాపితే అందేంత కింద కొమ్మతో. భద్రరాజు ఆ కొమ్మ వంక చూడలేక చూడలేక చూస్తాడు. రెండేళ్ళుగా అడవిలో ఎక్కడ మద్దిచెట్టు కనపడినా అతను చుట్టు తిరిగి పోతున్నాడు, మోకాలి నొప్పని పక్కవాళ్ళకి చెబుతున్నాడు.

"ఎందుకు సెప్పలేదండీ?"

దున్న ఊపిరి ముఖానికి తగులుతోంది. పచ్చిగడ్డి వాసన. ఇంకో అబద్ధానికి చోటు లేదు, అంత దగ్గరగా ఉంది.

"మొద్దువి మూడే మిగిలాయి ముత్తిరెడ్డీ," అంటాడు భద్రరాజు. మాటలు కక్కినట్టు వస్తున్నాయి. "మళ్ళీ దొరకవని షాపువాడు చెప్పాడు. వచ్చే నెలకి పులి పర్మిట్టు రాబోతోంది. పులికని దాచుకున్నాను. ఇంత దగ్గర్నుంచి సూదిముక్కుదైనా పనిచేస్తుందిలే అనుకున్నాను. నీకు నిజం చెబితే నా చేతిలోంచి తుపాకీ లాక్కునేవాడివి. అందుకని అబద్ధం చెప్పాను."

దున్న ఆగిపోతుంది.

"పులొచ్చిందా బాబూ?"

"రాలేదు."

ముత్తిరెడ్డి నవ్వుతాడేమోనని భద్రరాజు కాచుకుంటాడు. అతను నవ్వడు. కుడి గుప్పిట ముందుకు చాపి నెమ్మదిగా విప్పుతాడు. అరచేయి ఖాళీగా ఉంది, దాని మీద తూటా పొడుగునా ఆకుపచ్చటి చిలుము గీత మాత్రం ఉంది, ఇత్తడిని చెమట చేత్తో చాలాసేపు బిగించి పట్టుకుంటే పడే గీత.

"ఇక్కడో గుండు ఉండాలండి. సచ్చేదాకా పట్టుకునే ఉన్నాను. ఎవరు పుచ్చుకున్నారో తెలీటంలేదు."

"నేనే," అంటాడు భద్రరాజు, ఇక అతనికి ఏడుపు ఆగదు. "ఫారెస్టువాళ్ళు వచ్చేలోపు నీ వేళ్ళు ఒక్కొక్కటే విప్పి నేనే తీసుకున్నాను. అది నీ చేతిలో కనపడితే నువ్వు సరైనదే ఇచ్చావని తెలిసిపోతుంది. నన్ను క్షమించు ముత్తిరెడ్డీ. నన్ను ఈ దున్నకి వదిలెయ్యి, పోనీ."

"మీరెల్లిపోతే సెప్పేవోడెవడండీ?" ముత్తిరెడ్డి చొక్కా అంచుతో అరచేయి తుడుచుకుంటాడు, గీత పోదు. "నాకేటుంది, నేను పోయేను. మా తమ్ముడు సోమిరెడ్డిని సూడండి. ఆడి అన్న గుండు మార్చి దొరని సంపబోయేడని ఆణ్ణి ఎవరూ ఏటకి పిలవరు. ఇంటి మీదికి కబురెట్టే దొర లేడు. పెళ్ళిలో వడ్డిస్తానన్నా ఒద్దంటన్నారంట. రెండేళ్ళబట్టి ఆడు సేతులెనక్కి కట్టుకు తిరుగుతున్నాడు. ఆడి సేతులు ఆడికిచ్చెయ్యండి బాబూ."

దున్న తల దించుతుంది. కొమ్ములు రెండూ నేలకి సమంగా వస్తాయి. భద్రరాజు చూపు ముందుకే ఉంచి, అలవాటు చొప్పున చెయ్యి వెనక్కి చాపుతాడు, చాపాక గుర్తొస్తుంది ఈసారి వెనక ఎవరూ లేరని, ముత్తిరెడ్డి ముందున్నాడని, దున్నకీ తనకీ మధ్య ఉన్నాడని. అయినా అరచేతిలో ఏదో పడుతుంది, చల్లగా, బరువుగా. అతను గుప్పిట బిగిస్తాడు.

"బాబూ."

భద్రరాజు కళ్ళు తెరిచాడు. ఫారెస్టు బంగళా వరండా, పడక కుర్చీ, ఒళ్ళో ఎండ. భోజనమయ్యాక కునుకు పట్టినట్టుంది. బల్ల మీద కలెక్టరాఫీసు నుంచి వచ్చిన కాగితం గాలికి ఎగరకుండా దాని మీద రైఫిలు అడ్డంగా పెట్టి ఉంది. ఎడమ కాలు ఈడ్చే దున్న ఒకటి చేలల్లోకి దిగి ఇద్దరిని కుమ్మిందనీ, దాన్ని కాల్చమనీ ఆ కాగితంలో ఉంది. ఆ కాలు ఎందుకు ఈడుస్తోందో అందులో లేదు.

మెట్ల కింద సోమిరెడ్డి నిలబడి ఉన్నాడు. జాడ తీసేవాళ్ళు ఇంకెవరూ దొరక్క రేంజరు అతన్ని పంపాడు. అన్న పోలికే, అవే భుజాలు. చేతులు రెండూ వెనక్కి కట్టుకుని ఉన్నాడు.

"పొద్దు వాలతన్నాదండి," అన్నాడు సోమిరెడ్డి, నేల చూస్తూ. తరవాత, అడగవచ్చో లేదో తెలియనట్టు కాసేపు తటపటాయించి, "ఏ గుండు ఏసేరు బాబూ?" అని అడిగాడు.

రైఫిలు ఖాళీగానే ఉందని భద్రరాజుకి తెలుసు. కునుకు పట్టకముందు తూటాల పెట్టె తెరిచి, మూడు మొద్దుముక్కు తూటాల్లో ఒకటి బయటికి తీసి చూస్తూ కూర్చోవడం గుర్తొచ్చింది, అది ఇంకా కుడి గుప్పిట్లోనే ఉంది. లేచాడు. మెట్లన్నీ దిగి, సోమిరెడ్డి నిలబడ్డ మట్టి మీదికే వచ్చి నిలబడ్డాడు.

"చెయ్యి పట్టు సోమిరెడ్డీ."

సోమిరెడ్డి కదల్లేదు. "నాకెందుకండీ. మీరే పెట్టుకోండి. మళ్ళీ ఏదన్నా అయితే..."

"పట్టవయ్యా."

సోమిరెడ్డి వీపు వెనక నుంచి ఒక చెయ్యి భయం భయంగా ముందుకి వచ్చింది. భద్రరాజు తన గుప్పిట్లోని తూటాని అందులో పెట్టాడు.

"ఆ రోజు మీ అన్న నాకు ఇచ్చింది ఇదే. ఈ తూటాయే. నేను పుచ్చుకోకుండా నెట్టేసి, లోపల ఉన్నది మొద్దుదేనని అబద్ధం చెప్పాను. ఆ మాట నమ్మి ముందుకొచ్చాడు. పోయాక అతని చేతిలోంచి ఇది నేనే తీసి దాచాను. తప్పు అతని వేళ్ళది కాదు. నాది."

వంటవాడు పెరట్లో గిన్నెలు తోముతున్న చప్పుడు ఆగిపోయింది, వాడూ విన్నట్టున్నాడు. సోమిరెడ్డి తూటాని రెండు వేళ్ళ మధ్య తిప్పి, చూడకుండానే, బొటనవేలితో దాని ముక్కు తడిమాడు.

"మొద్దుదే," అన్నాడు. తూటాని మొలలో దోపుకుని ముఖం అవతలికి తిప్పుకున్నాడు. "దున్న సందకాడ దాకా వాగు దిగదండి. ముందు మా వదిన కాడికి నడవండి. ఇదే మాట పల్లెలో అందరి ముందూ సెప్పండి. ఆనక ఏటకెల్దాం."

సోమిరెడ్డి ముందు నడిచాడు. చేతులు రెండూ ఇప్పుడు పక్కలకి ఊగుతున్నాయి. టోపీ కోసం వెనక్కి వెళ్ళబోయిన భద్రరాజు తన కుడి అరచేయి చూసుకుని ఆగిపోయాడు. దాని మీద తూటా పొడుగునా ఆకుపచ్చటి చిలుము గీత పడి ఉంది. అతను దాన్ని తుడుచుకోకుండా సోమిరెడ్డి వెనక నడిచాడు.